కొలిచేవాడి వాటా

నెలకొకసారి, బుధవారం పొద్దున, మా దీవులన్నిటికీ పెద్ద ఊరైన తోర్షావ్న్‌లో, మా ఆసుపత్రి పై అంతస్తులో డాక్టర్లందరూ కూడతారు. ఏ విభాగానికి ఆ విభాగం లేచి, తమ వైద్యంలో ఈ మధ్య ఏ పరిశోధన ఏం తేల్చిందో చెప్పాలి. కాఫీ ఉంటుంది, కేకు ఉంటుంది, వేలాడేసిన మొహాలు కూడా ఉంటాయి. నేను ఊపిరితిత్తుల విభాగంలో నర్సుని. కొత్త మందుల పరీక్షల్లో చేరిన రోగుల మంచీచెడూ చూడటం నా పని. డాక్టర్ని కాను గనక నా కుర్చీ ఎప్పుడూ తలుపు పక్కనే.

ఆ మార్చి నెల సమావేశం నాకు బాగా గుర్తు. ముందు గుండె డాక్టరు లేచాడు. గుండెపోటు వచ్చినవాళ్ళకి ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని రాసిచ్చిన ఒక మాత్ర, గుండె బలంగా ఉన్నవాళ్ళలో చాలామందికి అక్కర్లేదేమోనని తేలుతోందట. తర్వాత ఎముకల డాక్టరు. అరిగిన మోకాలిలోకి గొట్టం పెట్టి శుభ్రం చేసినా, ఊరికే పైన చర్మం కోసి కుట్టేసినా, ఏడాది తిరిగేసరికి నొప్పి ఒకటేనని చెప్పి, తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. పాపం, ఊళ్ళో ఉన్న మోకాళ్ళన్నీ ఆ చేతులతోనే శుభ్రం చేశాడు. పిల్లల డాక్టరమ్మ ఒక్కతే నవ్వుతూ లేచింది. పసివాళ్ళకి వేరుశెనగ దాచిపెట్టడం కంటే చిన్నప్పుడే కాస్త నాకించడం మంచిదట. దశాబ్దాల పాటు దాచిపెట్టమని చెప్పిందీ వీళ్ళే. నాకు ఒళ్ళు మండింది గానీ, కేకు నోట్లో ఉండటం వల్ల ఊరుకున్నాను.

ఆఖర్న మా హైనీ డాక్టరు లేచాడు. నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం కాగితం వంక చూడకుండానే గబగబా మొదలుపెట్టాడు. ఊపిరితిత్తులు ఎండిన తోలులా గట్టిపడిపోయే జబ్బు ఒకటుంది. ఉన్న మందులు దాన్ని కాస్త నెమ్మదింపజేస్తాయి, అంతే. దానికి ఒక కొత్త మందు పరీక్ష ఏడాదిన్నరగా ఎన్నో దేశాల్లో జరిగింది. మా దగ్గరా కొందరు చేరారు.

"మందు పనిచేసింది," అన్నాడు హైనీ. "పూర్తి మోతాదు వేసుకున్నవాళ్ళలో జబ్బు దాదాపు ఉన్నచోటే ఆగింది. సగం మోతాదు వాళ్ళకీ, ఉత్త మాత్ర వాళ్ళకీ మాత్రం ఏ తేడా లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సగం మోతాదు గురించి ఆయనన్న మాట చెవిన పడింది గానీ, ఆ నిమిషాన పట్టించుకోలేదు.

పరీక్ష అంటే ఇంతే. చేరినవాళ్ళలో కొందరికి పూర్తి మందు, కొందరికి సగం మందు, కొందరికి మందే లేని ఉత్త మాత్ర. చూపుకి మూడూ ఒకటే. ఎవరి సీసాలో ఏముందో రోగికి తెలియదు, డాక్టరుకి తెలియదు, చేతికిచ్చే నాకూ తెలియదు. అంతా ముగిశాక ఎవరిది ఏదో పైనుంచి తెలుస్తుంది. అది రోగికి ఎదురుగా కూర్చుని చెప్పేది నేను.

మా రోగుల్లో నాకు అయినవాళ్ళు ఇద్దరున్నారు. జకారిస్ బాబాయ్, ఎల్స్పా అత్త. మా నాన్నకి పినతండ్రి పిల్లలు. వేరే దీవిలో ఉన్న మా ఊరు హ్వాల్బాలో ఒకే ఇంట్లో ఉంటారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ మొగుడు పోయాక అన్న ఇంటికి వచ్చేసింది. జబ్బు వాళ్ళమ్మకీ ఉండేది. ముందు అన్నకి వచ్చింది, రెండేళ్ళకి చెల్లెలికి వచ్చింది. ఇద్దరూ నెలనెలా ఓడెక్కి వచ్చి, ఊపిరి కొలిచే గొట్టంలో ఊది, కొత్త సీసాలు పట్టుకుని సాయంత్రం ఓడకి వెళ్ళిపోయేవాళ్ళు.

జకారిస్ బాబాయ్‌ని హ్వాల్బాలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. కొలిచేవాడు అంటారు. తిమింగలాల మంద మా ఖాతంలోకి వచ్చి, వేట ముగిసి, అన్నిటినీ ఒడ్డుకి లాగాక, ఒక్కొక్కదాన్నీ కొలిచి రెక్క మీద కత్తితో గీతలు పెట్టేది ఆయన. ఆ గీతల లెక్కనే ఊరంతటికీ వాటాలు. పడవలో వెళ్ళినవాడికీ వాటా ఉంది, మంచం దిగలేని ముసలమ్మకీ ఉంది, మొన్న పుట్టిన పసిగుడ్డుకీ ఉంది. వాటా వద్దనేవాడు మా ఊళ్ళో లేడు. అది ఊరిని వద్దన్నట్టే. బాబాయ్ తన వాటా మాత్రం అందరిదీ అయ్యాక ఆఖర్న తీసుకునేవాడు.

నా చిన్నప్పుడు ఒక చలికాలం, ఎన్నాళ్ళు చూసినా మంద రాలేదు. దారి తప్పిన తిమింగలం ఒకటే వచ్చింది, అదీ చిన్నది. ఊరంతా గిన్నెలు పట్టుకుని ఒడ్డుకి చేరింది. బాబాయ్ కొలిచి, గీత పెట్టి, మొత్తం సున్నెవా ఇంటికి పంపించేశాడు. ఆ నెలలోనే సున్నెవా మొగుడూ మరుదులూ వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఇంటినిండా పిల్లలు. "అందరికీ పంచితే ఎవరి గిన్నె అడుగూ తడవదు. ఒక్క గిన్నె నిండనీ," అన్నాడు. ఊరు గొణిగింది. మా నాన్నా గొణిగాడు. అందరికంటే గట్టిగా అరిచింది ఎల్స్పా అత్త. నెల్లాళ్ళు తిట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

సమావేశమైన మరుసటి వారం ఇద్దరూ వచ్చారు. ఎవరి మాత్ర సంగతి ఏమిటో ఆ ఉదయమే హైనీకి తెలిసింది. ఎల్స్పాది ఉత్త మాత్ర. జకారిస్‌ది పూర్తి మందు. నేను నమ్మలేకపోయాను. అందరికంటే ఎక్కువ క్షీణించింది బాబాయే. ఓడ దిగి ఆసుపత్రి గుమ్మం దాకా రావడానికి మూడు చోట్ల కూర్చుంటున్నాడు.

"మందు అందరికీ పనిచేయాలని లేదు కదా మార్యున్," అన్నాడు హైనీ. ఆయన మొహంలోనూ ఆ మాట మీద నమ్మకం కనిపించలేదు.

విడివిడిగా చెప్పాలన్నది పద్ధతి. వాళ్ళు వింటేనా.

"ఒక ఓడలో వచ్చాం, ఒక బెంచీ మీద కూర్చున్నాం, చెప్పేదేదో ఒక్కసారే చెప్పి పుణ్యం కట్టుకో," అంది అత్త.

బాబాయ్ నా బల్ల మీద చక్కెర బిళ్ళ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. "చప్పగా ఉంది. ఏమ్మాయ్, పాదరసం ఉందని చెప్పి మీ డాక్టర్లు నా కంచంలోంచి తిమింగలం ముక్క తీయించారు. ఈ మాత్రలతో నోట్లో రుచి తీయించారు. ఇంక పళ్ళే మిగిలాయి. అవెప్పుడు?"

"నీ నాలుకని వదిలేశారుగా, సంతోషించు," అన్నాను. నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగేదాకా చూసి చెప్పాను. "బాబాయ్, నీకిచ్చింది అసలు మందు. పూర్తి మోతాదు. అత్తా, నీకిచ్చింది ఉత్త మాత్ర."

అత్త ఏడుస్తుందనుకుని పక్కనే నీళ్ళు పెట్టుకున్నాను. ఆవిడ ఏడవలేదు. బాబాయ్ తొడ చరిచాడు.

"చూశావా! నే చెప్పలే? ఎవరిదో ఒకరిది అసలుదై ఉంటుందని!"

"ఆఁ, చెప్పావులే పెద్ద. అన్నీ నీకు ముందే తెలుసు మరి," అంది అత్త. ఆవిడ మొహమూ వెలిగిపోతోంది.

"ఇద్దరికీ అంత సంబరం దేనికి?" అని అడిగాను.

"సగం సగం కదే," అన్నాడు బాబాయ్ తాపీగా. "పొద్దున లేచి కాఫీ పెట్టుకున్నాక, నా మాత్ర కోసి సగం దానికి, దాని మాత్ర కోసి సగం నాకు. తాతగారి కత్తి పెట్టి కోశా, పొడి కూడా రాలనివ్వలా. ఎవరి సీసాలో అసలుదున్నా ఇద్దరికీ అందుతుందని."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ."

"ఎవరికీ ఇవ్వొద్దని నేను మొదటి రోజే చెప్పానా లేదా?"

"చెప్పావు. ఇది ఎవరో కాదు కదా, నా చెల్లెలు."

నేను లేచి నిలబడ్డాను. ఆసుపత్రిలో ఉన్నానని మర్చిపోయాను. "మీకు మతిగానీ పోయిందా? ఇదేమన్నా తిమింగలమా పంచుకు తినడానికి? ఇద్దరూ ఇంత వయసొచ్చి..." ఇంకా ఏవేవో అన్నాను. వాళ్ళు తప్పు చేసిన పిల్లల్లా తల దించుకున్నారు గానీ, కళ్ళలో నవ్వు పోలేదు. అరిచి అలిసి కూర్చున్నాక హైనీ అన్న మాట గుర్తొచ్చింది. సగం మోతాదు వాళ్ళకీ, ఉత్త మాత్ర వాళ్ళకీ ఏ తేడా లేదు.

"సగానికి సగం పనిచేసుంటుంది కదా?" అన్నాడు బాబాయ్. "కొద్దిగానైనా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "లేదు బాబాయ్. సగం వేసుకున్నా ఒకటే, మానేసినా ఒకటే. అదే తేలింది."

అత్త మొహంలో వెలుగు ఆరిపోవడం చూశాను. ఆవిడ లెక్క వేసుకుంటోంది. ఆ లెక్క ఏమిటో నాకూ తెలుసు.

"అయితే," అంది మెల్లిగా, "అన్నయ్య ఒక్కడే వేసుకునుంటే..."

"ఊరుకో," అన్నాడు బాబాయ్.

ఇద్దరి చేతా గొట్టంలో ఊదించి పంపించాను.

హైనీకి చెప్పక తప్పదు, చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చుని, తర్వాత పరీక్ష నడిపించే పెద్దలకి తెలియజేశాడు. ఇద్దర్నీ లెక్కలోంచి తీసేశారు. తీసేసి మళ్ళీ లెక్క కట్టినా ఫలితం మారలేదట. అంతమంది జనంలో ఇద్దరు ఉన్నా లేకపోయినా ఒకటే మరి. ఆ మాట విని హైనీ ఊపిరి పీల్చుకున్నాడు. తప్పు పట్టను, ఆయన పని అది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పరీక్షలో చేరినవాళ్ళకి ఇకమీదట అసలు మందు ఉచితంగా ఇస్తారు. కానీ ఊపిరి ఒక గీత కంటే కిందికి దిగిపోయినవాళ్ళకి ఇవ్వరు. అంత ముదిరినవాళ్ళలో ఈ మందు మేలు చేస్తుందని ఎవరూ చూడలేదు, కాలేయానికి చేటు మాత్రం ఉంది. ఎల్స్పా అత్త ఆ గీతకి కాస్త పైన ఉంది. జకారిస్ బాబాయ్ బాగా కిందికి వెళ్ళిపోయాడు. హైనీ నాలుగు చోట్లకి ఫోన్ చేసి బతిమాలాడు. ఎవరూ ఒప్పుకోలేదు.

అత్త మందు సీసా ఓడలో పంపించాను. ఎవరితోనూ పంచుకోవద్దని ఫోన్లో కేకలేశాను. అత్త ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. వారం తిరిగాక బాబాయ్ నుంచి ఫోను.

"అమ్మాయ్, ఒకసారి రా. మీ అత్త సీసా మూతే తియ్యట్లా. నా మాట వినట్లా."

ఆయన ఏనాడూ ఎవర్నీ సాయం అడగలేదు. మర్నాడు పొద్దున ఓడకే వెళ్ళాను.

వంటింట్లో బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని ఉన్నారు. మధ్యలో సీసా. బాబాయ్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. అత్త చేతులు కట్టుకుని కిటికీ వైపు తిరిగి ఉంది. ఎండబెట్టిన గొర్రె మాంసం కోసి పెట్టింది గానీ ఎవరూ ముట్టుకోలేదు.

"నువ్వేం చెప్తావో నాకు తెలుసులే," అంది నేను కూర్చోకముందే. "సగం వేసుకున్నా ఒకటే, మానేసినా ఒకటే. అంతేగా? సగం పంచుకోనిస్తే సగం వేసుకుంటా. లేదంటే మానేస్తా."

"అత్తా, ఈ సీసా కోసం ఎంతమంది కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారో తెలుసా?"

"వాళ్ళకే ఇచ్చుకో."

"మొండితనానికీ ఒక హద్దుంటుంది! నువ్వు మానేస్తే బాబాయ్‌కి ఊపిరొస్తుందా?"

ఆవిడ నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏడాదిన్నర ఆయన మందు సగం నేను తిన్నానే. నేను తినకపోతే ఇవాళ గొర్రెల వెనక కొండెక్కుతూ ఉండేవాడు. మంచం మీంచి ఈ కుర్చీ దాకా రావడానికి ఎంతసేపు పడుతోందో నువ్వు చూశావా? ఎదురుగా కూర్చుని అలా రొప్పుతుంటే, నేనొక్కదాన్నే మాత్ర నోట్లో వేసుకోవాలా? గొంతు దిగుతుందా నాకు?"

నాకు తెలిసిన వైద్యంలో ఏ మాటా దానికి సరిపోదు.

బాబాయ్ బల్ల పట్టుకుని లేచాడు. గోడకి వేలాడుతున్న తాతగారి కత్తి తీశాడు. మాంసం కోసే చెక్క దగ్గరికి లాక్కుని, సీసా మూత తీసి, ఒక మాత్ర దాని మధ్యలో పెట్టాడు. అత్త కళ్ళు తుడుచుకుని కాఫీ కప్పు ముందుకు జరుపుకుంది.

"ఇప్పుడు దారికొచ్చావు. కొయ్యి," అంది.

నేను అడ్డం పడబోయాను. బాబాయ్ చెయ్యెత్తి ఆపాడు. కత్తి మాత్ర మీద పెట్టలేదు. పక్కన చెక్క మీద, మొనతో, మెల్లిగా ఒక గీత గీశాడు. తిమింగలం రెక్క మీద గీసే గీత. దానికే ఆయాసం వచ్చి కాసేపు ఆగాడు.

"ఈ ఊళ్ళో కొలిచేదెవరు?"

అత్త కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పింది.

"చెప్పవే."

"నువ్వే."

"నేను కొలిచాక ఎవరన్నా ఎదురు చెప్పారా?"

"నేను చెప్పా. సున్నెవా ఇంటికి మొత్తం పంపించేసినప్పుడు."

"నెల్లాళ్ళు చెప్పావు. చెవులు చిల్లులు పడ్డాయి నాకు. తప్పు కొలిచానా మరి?"

అత్త తల అడ్డంగా ఊపింది. సున్నెవా పిల్లలు ఆ చలికాలం దాటారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు మా ఓడకి కెప్టెను.

"ఈ ఏడాదిన్నరా కొలిచిందే తప్పు," అన్నాడు బాబాయ్. ఒక్కో మాటకీ ఆగుతున్నాడు. "పంచితే చాలుతుందనుకున్నా. చాల్లేదు. తప్పు కొలిస్తే మళ్ళీ కొలవాలి. ఇదిగో, కొలిచా." చెక్కని అలాగే, మాత్రతో సహా, ఆవిడ ముందుకు తోశాడు.

"మరి నీ వాటా?"

"నాదెప్పుడూ ఆఖర్నేగా. మిగిలింది తీసుకుంటా."

"ఏం మిగిలిందని తీసుకుంటావు?" అంది అత్త. "ఏం మిగిలింది నీకు?"

"నువ్వు మిగుల్తావు కదే."

నేను కిటికీ వైపు తిరిగిపోయాను. ఖాతంలో అలలు నెమ్మదిగా ఉన్నాయి. వెనక అత్త వెక్కుతూ మాట్లాడుతోంది.

"నిన్ను తిడతా. చూస్తూ ఉండు. బతికినన్నాళ్ళూ తిడతా నిన్ను."

"తిట్టు. ముందు మాత్ర వేసుకుని తిట్టు."

కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు విని వెనక్కి తిరిగాను. చెక్క మీద గీత ఉంది, మాత్ర లేదు. అత్త కళ్ళ నీళ్ళు ముక్కు దాకా కారుతుండగా తిట్టడం మొదలుపెట్టింది. దుర్మార్గుడా అంది, మొండి ఘటమా అంది, చిన్నప్పుడు తన బొమ్మ పడవ సముద్రంలో వదిలేసిన సంగతి కూడా తవ్వి తీసింది. ఊపిరి అందక ఆగి, మళ్ళీ అందుకుంది. బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలి, పాట వింటున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. పెదాల మీద నవ్వుంది.

ఆయన ఆ శరదృతువులో, గొర్రెల్ని కొండ దించే రోజులకి కాస్త ముందు పోయాడు. చలికాలంలో పరిశోధన పెద్ద పత్రికలో అచ్చయింది. అందులో వాళ్ళిద్దరూ లేరు, ఉండకూడదు కూడా. మందు పేరు ఇప్పుడు అన్ని దేశాల డాక్టర్లకీ తెలుసు.

ఎల్స్పా అత్త నెలనెలా ఓడెక్కి వస్తుంది. ఊపిరి ఏడాదిగా ఉన్నచోటే ఉంది. గుమ్మం దాకా ఎక్కడా కూర్చోకుండా వస్తుంది. ప్రతి రోగినీ అడగాల్సిన మాటే మొన్న ఆవిడనీ అడిగాను.

"మాత్ర ఎలా వేసుకుంటున్నావు అత్తా? తిండికి ముందా, తర్వాతా?"

"పొద్దున్నే, ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుని," అంది. "తిడుతూ."